డెబ్బై రెండడుగుల తెర మీద మేమెక్కడ?

షేక్‌పేటలో మా ఇంటి డాబా ఎక్కితే రెండు వైపులా రెండు కాలాలు కనబడేవి. ఒకవైపు కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, వాటి వెనక గోల్కొండ కోట. ఇంకోవైపు బండలగుట్ట. ఆ గుట్ట మీద ఇళ్లు, ఆఫీసులు, స్టూడియో గోడలు. అదే ఫిలింనగర్. దాన్ని దాటితే జూబ్లీహిల్స్. మా గల్లీ మనుషులు పొద్దున్నే ఆ గుట్ట ఎక్కేవారు. సెట్లకు రంగులేసేవాళ్లు, దుస్తులు కుట్టే దర్జీలు, లైట్లు మోసేవాళ్లు, జనరేటర్ వ్యాన్ తోలేవాళ్లు. రాత్రి దిగివచ్చి ఏ హీరోని ఎంత దగ్గర్నుంచి చూశారో చెప్పేవారు. తెర మీద మాత్రం వాళ్లెవరూ కనబడేవారు కాదు.

మా అబ్బా గుట్ట ఎక్కలేదు. ఆయన జంటనగరాల్లో ఒక సినిమా హాల్లో ఆపరేటర్. ఆ రోజుల్లో క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లుండేవి. ఒక్కో రీలు సుమారు ఇరవై నిమిషాలు. రీలు అయిపోవస్తుంటే తెర మీద కుడివైపు పై మూలన చిన్న చుక్క పడుతుంది. ఆ చుక్క చూసి రెండో ప్రొజెక్టర్ మోటారు ఆన్ చేయాలి. కొన్ని సెకన్లకు రెండో చుక్క పడుతుంది. అప్పుడు ఒకదాని వెలుగు మూసి ఇంకోదాని వెలుగు వదలాలి. చూసేవాడికి కథ తెగినట్టు తెలియకూడదు. కార్బన్ కడ్డీల మధ్య మండే మంట, దాని వేడి, పొగ. అబ్బా తన జీవితమంతా చిన్న గాజు కిటికీలోంచి తెర కుడి మూల చూస్తూ గడిపాడు.

అబ్బాకిచ్చే పాసుల మీద మా అమ్మీ సినిమాలు చూసేది. బురఖా వేసుకుని, చంకలో చెల్లెల్ని ఎత్తుకుని, ఆడవాళ్ల కౌంటర్ దగ్గర నిలబడి. అమ్మీకి పుట్టుకతో వచ్చింది ఉర్దూ. తెలుగు ఆమెకు బడిలో ఎవరూ నేర్పలేదు. సావిత్రి నేర్పింది, సూర్యకాంతం నేర్పింది. కూరగాయల దగ్గర బేరమాడే తెలుగు సూర్యకాంతానిది, పిల్లలకు జ్వరమొచ్చినప్పుడు మాట్లాడే తెలుగు సావిత్రిది. కనక తెలుగు సినిమా మాకు పరాయిది అని ఎవరైనా అంటే నేనొప్పుకోను. మా ఇంట్లో తెలుగు ఆ తెర మీంచే దిగింది. ఆ తెర పెరుగుతూ వచ్చిన కథ చెప్పుకోవడానికి మాకూ హక్కుంది. అది పెరిగినకొద్దీ దాని మీద మేం ఏమయ్యామో అడగడానికీ హక్కుంది.

*

హైదరాబాద్‌లో సినిమా చరిత్ర ఫిలింనగర్‌తో మొదలు కాలేదు. 1922లో బెంగాల్ నుంచి ధీరేంద్రనాథ్ గంగూలీ వచ్చి నిజాం ఆదరణతో ఇక్కడ లోటస్ ఫిలిం కంపెనీ పెట్టాడు. మూగ సినిమాలు తీశాడు, హాళ్లు నడిపాడు. 1924లో రజియా బేగం అనే సినిమా ఆడించాడు. ఒక ముస్లిం రాణి పరమతస్థుణ్ణి ప్రేమించిన కథ అది. నిజాంకు కోపమొచ్చింది. గంగూలీని రాజ్యం విడిచి పొమ్మన్నాడు. హైదరాబాద్‌లో మొదటి స్టూడియో అలా మూతపడింది. ఈ సంగతి మనవాళ్లు చెప్పుకోరు. చెప్పుకోవాలి. తెర మీద తనకు నచ్చని ముఖం కనబడితే భయపడే పాలకుడు ఏ మతంలోనైనా ఉంటాడు.

1931 మార్చి 14న బొంబాయి మెజెస్టిక్ థియేటర్లో ఆలం ఆరా విడుదలైంది. దేశంలో తొలి టాకీ. అది మాట్లాడింది హిందుస్తానీ, అంటే మా అమ్మీ భాషకు సొంత చెల్లెలు. అందులో చిన్న వేషం వేసినవాళ్లలో ఏలూరు దగ్గర పల్లెటూరి కుర్రాడొకడున్నాడు. ఆయనే ఎల్.వి.ప్రసాద్. మరుసటి ఏడు తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలోనూ ఆయన వేషం వేశాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. డెబ్బై ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో అందరికన్నా పెద్ద తెర కట్టింది ఆయన కుటుంబమే.

తెలుగు సినిమా తొలి రోజుల్లో మా కథలంటే భయపడలేదు. 1949లో లైలా మజ్ను తీశారు, అక్కినేని, భానుమతి. 1955లో అనార్కలి, అక్కినేని సలీం, ఎస్.వి.రంగారావు అక్బర్. 1979లో ఎన్.టి.రామారావు తానే తీసి తానే అక్బర్ వేషం కట్టాడు. అంతకు పదేళ్ల ముందే, 1969లో, భలే తమ్ముడులో రామారావుకు మహమ్మద్ రఫీ తెలుగులో పాడాడు. రఫీ తెలుగు ఉచ్చారణ మీద నవ్వుకున్నవాళ్లున్నారు గానీ, సాయిబు గొంతు మన రామారావుకేమిటి అన్నవాళ్లను నేను వినలేదు.

అయితే ఆ సినిమాల్లో ముస్లిం ఎవరు? పాదుషా, షెహజాదా, నర్తకి, ఎడారిలో తిరిగే ప్రేమికుడు. మా గల్లీలో పంక్చర్లు వేసేవాడు కాదు, కిస్తు కట్టలేక తలదాచుకునేవాడు కాదు. పాదుషాగా మా ఎత్తు బాగానే ఉండేది. పక్కింటివాడిగా మేం అప్పుడూ లేం. పక్కింటి సాయిబు కనబడితే కమెడియన్ వెనక నిలబడి విరిగిన తెలుగు మాట్లాడి నవ్వించాలి. అమ్మీ ఆ సీన్లకు నవ్వేది. తర్వాత ఇంటికొచ్చి తన తెలుగు తానే ఒకసారి సరిచూసుకునేది.

*

ఇక తెర పెరగడం మొదలైంది. 1974లో కృష్ణ అల్లూరి సీతారామరాజు తీశాడు. తెలుగులో తొలి సినిమాస్కోప్. తెర అడ్డంగా సాగింది. 1975లో షోలే 70 ఎం.ఎం.లో వచ్చింది. నిజానికి దాన్ని 35 ఎం.ఎం. ఫిల్ము మీదే తీసి లండన్‌లో 70కి పెంచారు. 1986లో కృష్ణే జూబ్లీహిల్స్ పద్మాలయా తరఫున సింహాసనం తీశాడు. అది తెలుగులో తొలి 70 ఎం.ఎం. సినిమా. అప్పట్నుంచి హాలు పేరు వెనక 70 ఎం.ఎం. అని రాసుకోవడం పట్టా పొందినట్టయింది. ఆర్.టి.సి. క్రాస్‌రోడ్స్‌లో సంధ్య, సుదర్శన్, దేవి, ఆబిడ్స్‌లో రామకృష్ణ, అన్నిటికీ ఆ అంకె తోకలాగా ఉండేది.

సింహాసనంలో రాజమాత వహీదా రెహమాన్. అందులో అంజాద్ ఖాన్ కూడా ఉన్నాడు. తొలి తెలుగు 70 ఎం.ఎం. తెర మీద రెండు ముస్లిం పేర్లున్నాయన్న మాట. వహీదా 1955లో రోజులు మారాయి సినిమాలో రైతుపాటకు నాట్యం చేసి తెలుగుదేశమంతా తెలిసిపోయింది. ఆ సినిమా విజయోత్సవాల రోజుల్లోనే గురుదత్ హైదరాబాద్ వచ్చి, ఆమె గురించి విని, బొంబాయికి పిలిచాడు. బొంబాయిలో పేరు మార్చుకోమన్నారు. అప్పటికే యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యాడు. మాహజబీన్ మీనాకుమారి అయింది. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. వహీదా మాత్రం మా అమ్మానాన్న పెట్టిన పేరు నాకు చాలంది. అంత సూటిగా తన పేరు నిలుపుకున్న మనిషిని సినిమాలోకి తెచ్చింది తెలుగు తెరే. దీనికి తెలుగువాళ్లు గర్వపడాలి, మేమూ గర్వపడతాం.

తర్వాత రాజమండ్రి నుంచి అలీ వచ్చాడు. 1981లో సీతాకోకచిలుకలో బాలనటుడు, 1994లో యమలీలలో హీరో. టైటిల్స్‌లో అలీ, కథలో మాత్రం హిందువుల కుర్రాడు. జనం టికెట్లు కొని నెలల తరబడి చూశారు. అలీ పేరుతో ఉన్న మనిషి హీరోగా పనికొస్తాడని రుజువైంది. అలీ పేరుతో ఉన్న పాత్ర హీరోగా పనికొస్తుందా అన్నది ఎవరూ రుజువు చేయలేదు.

*

2003 జూలైలో నెక్లెస్ రోడ్డు చివర ప్రసాద్స్ ఐమాక్స్ తెరిచారు. తెర ఎత్తు 72 అడుగులు, వెడల్పు 95 అడుగులు, 635 సీట్లు. మనుషులు పెళ్లికి పోయినట్టు బట్టలు మార్చుకుని చూడ్డానికి పోయారు. జిల్లాల నుంచి బస్సుల్లో వచ్చి చార్మినార్, గోల్కొండ, ఐమాక్స్ అని లెక్కపెట్టుకున్నారు.

అది నిలబడింది హుస్సేన్‌సాగర్ ఒడ్డున. ఆ చెరువు 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టించింది హజ్రత్ హుస్సేన్ షా వలీ. ఆయన దర్గా ఎక్కడుందో తెలుసా? మా షేక్‌పేట దాటగానే, ఫిలింనగర్ గుట్ట అవతల. బస్సు కండక్టర్లు ఇప్పటికీ "దర్గా, దర్గా" అని అరుస్తారు. ఆ దర్గా పేర ఉన్నదని వక్ఫ్ బోర్డు వాదించిన మణికొండ జాగీరు భూమి 1,654 ఎకరాల పైచిలుకు. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసులో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు భూమి ప్రభుత్వానిదే అంది. తీర్పును నేనిక్కడ తవ్వడం లేదు. ఊరికి నీళ్లిచ్చిన ఫకీరు పేరు చెరువుకు మిగిలింది, బస్టాపుకు మిగిలింది. ఆ చెరువు ఒడ్డున పెద్ద తెర మీద ఆయన కథ ఎవరూ తీయలేదు. అదొక్కటే నా మాట.

ఐమాక్స్ అంటే వట్టి పెద్ద తెర కాదు. కెనడావాళ్లు తయారుచేసి 1970లో జపాన్‌లోని ఒసాకా ప్రదర్శనలో తొలిసారి చూపించారు. ఫిల్ము 70 ఎం.ఎం.దే, కానీ ప్రొజెక్టర్లో నిలువునా కాకుండా అడ్డంగా నడుస్తుంది. ఒక్కో ఫ్రేముకు పదిహేను రంధ్రాలు. మామూలు 70 ఎం.ఎం. ఫ్రేముకు మూడింతలకు పైన. 2023లో ఓపెన్‌హైమర్ సినిమా ఐమాక్స్ ప్రింటు పదకొండు మైళ్ల పొడవు, దాదాపు 270 కిలోల బరువు తూగింది. అబ్బాకు ఈ లెక్క చెబితే, దాన్ని మేడ మీదికి ఎంతమంది మోశారని అడిగాడు.

ఈ హాలులో సీట్లు నిటారుగా మెట్ల మెట్లుగా ఉంటాయి, తెర దగ్గరగా ఉంటుంది. చూపు ఎటు తిప్పినా తెరే. మామూలు హాల్లో తెర అంచు కనబడుతుంది, పక్కన ఎగ్జిట్ లైటు కనబడుతుంది, ముందువాడి తల కనబడుతుంది. ఇది బొమ్మ అని మనసుకు ఎక్కడో గుర్తుంటుంది. ఐమాక్స్ ఆ అంచును కావాలనే చెరిపేస్తుంది. అంచు కనబడనప్పుడు బొమ్మే లోకమవుతుంది. దాని గొప్పతనం అదే. నా భయమూ అదే.

*

ఈ భయం ఊరికే రాలేదు. 1990 డిసెంబర్లో హైదరాబాద్ కర్ఫ్యూలో ఉంది. ఆటలు రద్దయి అబ్బా ఇంట్లో కూర్చున్నాడు. 1992లో రోజా వచ్చింది. ఒక సన్నివేశంలో టెర్రరిస్టులు జాతీయ జెండాకు నిప్పుపెడతారు, హీరో దాని మీద పడి ఒంటితో ఆర్పుతాడు. అదే సన్నివేశంలో ఒకడు నమాజు చదువుతుంటాడు. హాలు ఈలలతో, చప్పట్లతో ఊగేది. అబ్బా దాన్ని రోజుకు నాలుగుసార్లు చూడాలి. కళ్లు మూసుకుందామంటే కుదరదు, చుక్క తప్పిపోతుంది. శుక్రవారం జుమా నమాజు చదివి వచ్చి, అదే చేతులతో మ్యాట్నీకి రీలెక్కించేవాడు. ఆ ఏడు డిసెంబర్ 6 తర్వాత ఆయన టోపీ జేబులో పెట్టుకుని డ్యూటీకి పోవడం మొదలుపెట్టాడు. ఎందుకని ఎవరమూ అడగలేదు.

1995లో బొంబాయి, 2002లో ఖడ్గం. ఖడ్గంలో ప్రకాశ్‌రాజ్ వేసిన అంజాద్ ఆటోడ్రైవర్, మంచివాడు, దేశాన్ని ప్రేమించేవాడు. బాగా నటించాడు, మా గల్లీలో కూడా మెచ్చుకున్నారు. కానీ ఆ మంచివాడికి ఒక తమ్ముడుండాలి, ఆ తమ్ముడు టెర్రరిస్టులతో తిరగాలి. అంజాద్ తన మంచితనాన్ని తమ్ముడి మీద రుజువు చేసుకోవాలి. అందులో మిగతా హీరోల్ని నువ్వీ దేశం వాడివేనా అని ఎవరూ అడగరు. వాళ్లకు ప్రేమలున్నాయి, ఆశలున్నాయి. అంజాద్‌కు పరీక్ష ఒక్కటే ఉంది.

2007 మేలో మక్కా మసీదులో బాంబు పేలింది. ఆగస్టులో లుంబిని పార్కులో, గోకుల్ చాట్ దగ్గర పేలాయి. నలభై మందికి పైగా చనిపోయారు. మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన మా పిల్లల్లో చాలామందిని కోర్టులు నిర్దోషులన్నాయి, అప్పటికి ఉద్యోగాలు, చదువులు, సంబంధాలు పోయాయి. ఆ రోజుల్లోనే ఒక మల్టీప్లెక్స్‌కు అబ్బాను తీసుకుపోయాను. గేటు దగ్గర అందరి సంచులూ చూస్తున్నారు. చూడాల్సిందే. మా ముందు కుటుంబం అరనిమిషంలో పోయింది. అబ్బా గడ్డం, టోపీ చూసి పక్కకు నిలబెట్టారు. షుగర్ మందుల డబ్బా విప్పించారు, చెప్పులు విడిపించారు, పేరు రెండుసార్లు అడిగారు. వెనక లైన్లోవాళ్లు చూస్తున్నారు. ముప్పై ఏళ్లు జనానికి సినిమా చూపించిన మనిషి సినిమా చూడ్డానికి ఒట్టికాళ్లతో నిలబడ్డాడు. లోపలికి పోయాక ఆయన ఒక్కటే అన్నాడు: "వాడి తప్పేముంది బేటా, వాడూ సినిమాలు చూస్తాడు కదా."

పదిహేనడుగుల తెర మీద టోపీ పెట్టుకున్న టెర్రరిస్టు పదిహేనడుగులే ఉంటాడు. డెబ్బై రెండడుగుల తెర మీద డెబ్బై రెండడుగులుంటాడు, అంచులు లేకుండా. గేటు దగ్గరి కుర్రాడి కళ్లలో అబ్బా అంత ఎత్తు కనబడి ఉంటాడు.

*

పదేళ్లు దాటాక ప్రసాద్స్ నుంచి ఐమాక్స్ పేరు పోయింది. జనం నోట్లోంచి పోలేదు, ఇప్పటికీ ఆటోవాడికి ఐమాక్స్ అంటేనే తెలుస్తుంది. అప్పటికి ఫిల్మే పోయింది. హార్డ్ డిస్కులో సినిమా వస్తుంది, తాళంలాంటి ఒక కోడ్‌తో తెరుచుకుంటుంది. చుక్కల్లేవు, రీళ్లు మార్చేవాడు అక్కర్లేదు. అబ్బాలాంటివాళ్లు ఇంటికొచ్చేశారు. 2019లో సూళ్లూరుపేటలో వంద అడుగుల వెడల్పు తెర సాహోతో మొదలైంది. బాహుబలి, ఆర్‌ఆర్‌ఆర్ అమెరికాలో, ఐరోపాలో పెద్ద తెరల మీద ఆడాయి. తెలుగు సినిమా ఇంత పెద్దదైనందుకు మాకూ సంతోషమే. ఆర్‌ఆర్‌ఆర్ హాలీవుడ్ చైనీస్ థియేటర్ ఐమాక్స్‌లో ఆడిందని విని మా పిల్లలు మిఠాయి పంచారు.

ఆ ఆర్‌ఆర్‌ఆర్‌లోనే కొమురం భీం పాత్ర ఢిల్లీలో అఖ్తర్ అనే పేరుతో దాక్కుంటుంది. 2020లో టీజర్లో తలమీద టోపీ కనబడగానే గొడవలయ్యాయి. తమ వీరుడికి టోపీ ఏమిటని ఆదివాసులు అడిగారు. వాళ్ల బాధ నాకర్థమవుతుంది. తమ చరిత్రను అడక్కుండా మార్చితే ఎవరికైనా మండుతుంది. థియేటర్లు తగలబెడతామన్న రాజకీయ నాయకుల బాధ వేరు. వాళ్లకు చరిత్ర కాదు, టోపీ గుచ్చుకుంది. 2022లో సినిమా చూశాను. అఖ్తర్‌కు అన్నంపెట్టి చోటిచ్చే ముస్లిం కుటుంబం ఉంది. చాలా రోజుల తర్వాత పెద్ద తెర మీద మావాళ్లు వంట చేసుకోవడం, కలిసి తినడం చూశాను. కళ్లు చెమర్చాయి, దాచుకోను. కానీ కథ ముదిరేసరికి ఆ కుటుంబం వెనకబడిపోయింది, అఖ్తర్ వేషం తీసేశారు. చివర్లో ఇంకో హీరో కాషాయం కట్టి విల్లుపట్టాడు. టోపీ దాక్కోడానికి, విల్లు గెలవడానికి. భీం పేరుతో చెప్పుకునే జల్, జంగల్, జమీన్ నినాదంలో జమీన్ ఏ భాష నుంచి వచ్చిందో ఎవరూ దాచలేదు. మాటలు అట్లా కలిసిపోయాయి. మనుషులకే వేషం కావాల్సి వచ్చింది.

2024 మార్చిలో రజాకార్ వచ్చింది. రజాకార్లు చేసిన అఘాయిత్యాలు నిజం. వాటిని కప్పిపుచ్చే ముస్లిం ఎవరైనా ఉంటే నాతో వాదించాలి. ఆ రజాకార్లను ఎదిరించి రాసిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో వాళ్లే చంపారు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి 1940లో ప్రాణమిచ్చినవాడు షేక్ బందగీ. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ రాసింది. వారిలో అత్యధికులు ముస్లింలు. ఇదంతా ఒకే చరిత్ర. దానిలోంచి ఒక ముక్క కోసి పెద్ద తెర మీద పరిచి మిగతాది చీకట్లో వదిలేస్తే, అది అబద్ధం కాకపోయినా నిజమూ కాదు. షోయబుల్లా కథే కథగా, బందగీ కథే కథగా అంత పెద్ద తెర మీద నేనింతవరకు చూడలేదు.

*

2022 డిసెంబర్లో ప్రసాద్స్‌లో ఆ పాత తెర స్థానంలో కొత్తది వచ్చింది, 101 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తు. అవతార్ రెండో భాగం ఆడుతోంది. అబ్బాకు కంటి ఆపరేషన్ అయి కొన్నాళ్లయింది. చూస్తానంటే తీసుకుపోయాను. ఆరోజు గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. సముద్రం తెరంతా పరుచుకుంది. పక్కన పిల్లలు చేతులు చాచి చేపల్ని పట్టుకోబోతున్నారు. అబ్బా కొంచెంసేపు చూసి వెనక్కి తిరిగాడు. వెలుగు వచ్చే కిటికీ వైపు.

"ఇంత తెరకు ఆపరేటర్ ఎక్కడ కూర్చుంటాడు?" అన్నాడు.

కంప్యూటర్ నడుపుతుందని చెప్పాను. తల ఊపి మళ్లీ తెర వైపు తిరిగాడు. ఇంటర్వెల్ దాకా ఆయన చూపు కుడివైపు పై మూలకే పోతూ ఉంది.

ఫిలింనగర్‌ను మేం అడుగుతున్నది పాదుషా వేషం కాదు. దేశభక్తి పరీక్ష పాసైన మంచి ముస్లిం వేషమూ కాదు. అలా చూపించి మాకు మేలు చేశామనుకోవద్దు. సినిమా హాల్లో ముప్పై ఏళ్లు రీళ్లు మార్చి, పని పోయాక కూతురి కాలేజీ ఫీజు కోసం బంగారం కుదువబెట్టే ఒక మనిషి. అతని పేరు మస్తానో, ఖాసిమో కానివ్వండి. కోపిష్టి కానివ్వండి, పిసినారి కానివ్వండి, భార్యతో పోట్లాడనివ్వండి. అతని టోపీ కథలో మలుపు కాకూడదు, తలమీద ఉండాలి, అంతే. అలాంటి కథలు రాసే కుర్రాళ్లు, రాసే అమ్మాయిలు మా గల్లీల్లో ఉన్నారు. గుట్ట మీద కథలు వినే గదుల్లోకి వాళ్లను రానివ్వండి. మావాళ్లకూ చెబుతున్నాను: సినిమా హరామా హలాలా అని వాదించుకుంటూ కూర్చుంటే మన కథ ఇంకొకడు తీస్తాడు, తీసినట్టే తీస్తాడు.

మా అమ్మీ తెలుగు నేర్చుకున్న తెర అది. ఆ తెర మీద అమ్మీ తెలుగు మాట్లాడే ఒక్క మనిషిని, నవ్వులపాలు చేయకుండా, చూడాలని ఉంది. దానికి వంద అడుగులు అక్కర్లేదు. అబ్బా హాల్లో ఉన్న పాత తెర చాలు.